కుండీల్లో, వంటింట్లో ముసిరే సన్న ఈగలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వానలు మొదలైన నాటి నుంచి పాలమూరు, నల్లగొండ ప్రాంతాల పాఠకులు ఈ శీర్షికకు రాస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం సన్న ఈగల గురించే ఉంటున్నాయి. కుండీల దగ్గర ఎగిరే వాటిని గురించి కొందరు, పండ్ల బుట్ట మీద ముసిరే వాటిని గురించి కొందరు, స్నానాల గది గోడల మీద వాలే వాటిని గురించి మరికొందరు అడిగారు. చూపుకు అన్నీ ఒకే తీరుగా కనిపించినా ఇవి వేర్వేరు జాతులు, వేర్వేరు చోట్ల గుడ్లు పెట్టేవి. ఒకదానికి పనిచేసిన ఉపాయం మరొకదానికి పనిచేయదు కనుక ముందుగా అవి ఎక్కడ పుడుతున్నాయో కనిపెట్టాలి. ఎగిరే వాటిని ఎన్నింటిని చంపినా ఆ తడి చోటు అలాగే ఉన్నంత కాలం కొత్తవి వస్తూనే ఉంటాయి.

ప్రశ్న: మేము నల్లగొండలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. హాల్లో మనీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు, మరికొన్ని నీడ మొక్కలు పెట్టుకున్నాను. నీళ్లు పోసినప్పుడల్లా మన్నులోంచి నల్లటి సన్న ఈగలు లేస్తున్నాయి. రాత్రిపూట టీవీ ముందు, ట్యూబులైటు కింద తిరుగుతూ పిల్లల కళ్లల్లో పడుతున్నాయి. దోమల మందు కొడితే రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తున్నాయి. మొక్కలకు బలం కోసం బియ్యం కడిగిన నీళ్లు పోస్తాను, వాడిన టీ పొడి వేస్తాను. మొక్కలు తీసేయమని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు, నల్లగొండ)

జవాబు: అమ్మా, మొక్కలు తీసేయవలసిన అవసరం లేదు. నీళ్లు పోసినప్పుడు మన్నులోంచి లేస్తున్నాయని రాశారు కనుక అవి కుండీలోనే పుడుతున్నాయని నిశ్చయంగా చెప్పవచ్చు. ఇవి సియారిడే అనే కుటుంబానికి చెందిన ఈగలు. ఒంటి పొడవు సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది, రంగు నల్లగా ఉంటుంది, కాళ్లు దోమ కాళ్ల మాదిరిగా పొడుగ్గా ఉంటాయి. అందుకే చాలామంది దోమ పిల్లలని భయపడతారు. ఇవి కుట్టవు, రక్తం తాగవు, జ్వరాలు తీసుకురావు. పిల్లల విషయంలో ఆ భయం పెట్టుకోకండి.

ఆడ ఈగ తడిగా ఉన్న మన్ను పైపొరలో 100 నుంచి 200 దాకా గుడ్లు పెడుతుంది. కొద్ది రోజుల్లోనే వాటిలోంచి తెల్లగా, ఇంచుమించు పారదర్శకంగా ఉండే పురుగులు వస్తాయి. తల మాత్రం నల్లగా మెరుస్తుంది. ఈ పురుగులు రెండు వారాల పాటు పైనున్న రెండు మూడు అంగుళాల మన్నులోనే తిరుగుతూ బూజును, కుళ్లుతున్న ఆకులను, ఎరువును తింటాయి, తిండి చాలకపోతే లేత వేర్లను కొరుకుతాయి. ఆ తరువాత ప్యూపా దశ దాటి ఈగలై బయటికి వచ్చి వారం పది రోజులు బతుకుతాయి. గుడ్డు నుంచి ఈగ అయ్యే దాకా మొత్తం మూడు నాలుగు వారాలు పడుతుంది. మీరు కొట్టిన దోమల మందు గాలిలో ఎగురుతున్న వాటిని చంపింది గాని, మన్నులో ఉన్న పురుగులను, గుడ్లను తాకలేదు. రెండు రోజులకే మళ్లీ కనిపించడానికి కారణం అదే.

ఇక బియ్యం కడిగిన నీళ్ల సంగతి. పెరట్లో ఎండ తగిలే చెట్టుకు ఆ నీళ్లు పోస్తే తప్పు లేదు. గది లోపల, గాలి సరిగా ఆడని చోట ఉన్న కుండీలో పోస్తే ఆ నీళ్లలోని గంజి పదార్థం మన్ను మీద నిలిచి బూజు పడుతుంది. ఆ బూజే ఈ పురుగులకు అసలైన తిండి. వాడిన టీ పొడి, ఉల్లిగడ్డ పొట్టు, అరటి తొక్కలు, సగం మగ్గిన పెంట ఎరువు కూడా అదే పని చేస్తాయి. వీటన్నింటినీ లోపలి కుండీలకు ఈ రోజు నుంచే మానేయండి. మన్ను పైన ఇప్పటికే ఉన్న టీ పొడిని, రాలిన ఆకులను, పాచి పట్టిన పైపొరను ఒక అంగుళం మందాన గీకి తీసి, సంచిలో మూట కట్టి బయట పారేయండి.

రెండో సంగతి నీళ్లు. వానాకాలంలో గది లోపలి కుండీ తొందరగా ఆరదు. మే నెలలో రోజు విడిచి రోజు పోసిన అలవాటునే ఆగస్టులోనూ కొనసాగించడం వల్లే చాలా ఇళ్లలో ఈ బాధ మొదలవుతుంది. మనీ ప్లాంటుకు పైమన్ను రెండు అంగుళాల లోతు వరకు ఆరాకనే పోయండి, వేలు గుచ్చి చూస్తే తెలుస్తుంది. స్నేక్ ప్లాంటు ఇంకా మొండిది, మన్ను పూర్తిగా ఎండాకనే దానికి నీళ్లు కావాలి, ఈ కాలంలో రెండు మూడు వారాలకు ఒకసారి పోసినా సరిపోతుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలు చాలా వరకు కొబ్బరి పొట్టులో ఉంటాయి. దాని పైభాగం ఎండినట్టు కనిపిస్తున్నప్పుడే అడుగున నీరు నిలిచి ఉంటుంది, కనుక కుండీని చేత్తో లేపి బరువు చూసుకోవడం మంచి పద్ధతి. పళ్లెంలో నిలిచిన నీటిని అరగంట తరువాత పారబోయాలి. మన ప్రాంతంలో దొరికే చెల్క మన్నులో ఇసుక పాలు ఎక్కువ కనుక, కుండీ మార్చేటప్పుడు కొబ్బరి పొట్టులో ఆ మన్నును కలుపుకుంటే నీరు బాగా దిగుతుంది.

మన్నులోని పురుగులను చూడాలనుకుంటే ఆలుగడ్డను చక్రాలుగా కోసి, ఒక ముక్కను మన్ను మీద అదిమి పెట్టండి. రెండు మూడు రోజుల తరువాత ఎత్తి చూస్తే దాని అడుగున నల్లని తల గల పురుగులు చేరి కనిపిస్తాయి. ఆ ముక్కను పురుగులతో సహా పారేసి కొత్త ముక్క పెట్టవచ్చు. ఇది ఖర్చు లేని పని, పైగా మీ చికిత్స పనిచేస్తున్నదా లేదా అన్నది కూడా దీనివల్లనే తెలుస్తుంది.

ఎగిరే ఈగలకు పసుపు రంగు జిగురు అట్టలు వాడండి. పత్తి, మిరప చేలల్లో తెల్లదోమ కోసం రైతులు కట్టే అట్టలే ఇవి, విత్తనాల దుకాణాల్లో దొరుకుతాయి. దొరకకపోతే పసుపు పచ్చని ప్లాస్టిక్ ముక్కకు ఆముదం దట్టంగా పూసి, మన్నుకు కాస్త పైన పుల్లకు గుచ్చి నిలబెట్టండి. ఆముదం పండే జిల్లాల వాళ్లం కనుక అది మనకు కొత్త వస్తువు కాదు. దుమ్ము పట్టినప్పుడల్లా తుడిచి మళ్లీ పూయాలి. ఈ అట్టలు గుడ్లు పెట్టబోయే ఆడ ఈగలను తగ్గిస్తాయి, అయితే మన్ను ఆరబెట్టకుండా అట్టలనే నమ్ముకుంటే ప్రయోజనం కొంతే.

ఇంత చేసినా తగ్గకపోతే బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రేలెన్సిస్ అనే బాక్టీరియా మందు ఉంది. 1976లో ఇజ్రాయెల్ లోని నెగెవ్ ఎడారిలో కనుగొన్న ఈ బాక్టీరియా దోమ పిల్లల మీద, ఈ ఈగల పురుగుల మీద పనిచేస్తుంది, మనుషులకు, పెంపుడు జంతువులకు హాని చేయదు. డబ్బా మీద రాసిన మోతాదులో నీళ్లలో కలిపి, మామూలుగా నీళ్లు పోసే రోజునే పోయండి. ప్రభావం కొద్ది రోజులే ఉంటుంది కనుక వారానికి ఒకసారి చొప్పున మూడు నాలుగు సార్లు వాడాలి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కుర్స్టాకి అనే మరో రకం పంటల మీది గొంగళి పురుగుల కోసం అమ్ముతారు. పేరులో మొదటి భాగం ఒకటే అయినా అది ఈ ఈగల మీద పనిచేయదు. డబ్బా మీద ఇజ్రేలెన్సిస్ అన్న మాట ఉన్నదో లేదో చూసి తీసుకోండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ గురించి కూడా కొందరు రాశారు. మూడు శాతం ద్రావణం ఒక పాలుకు నీళ్లు నాలుగు పాళ్లు కలిపి పోస్తే తాకిన పురుగులు చస్తాయి. మన మందుల దుకాణాల్లో ఎక్కువగా దొరికేది ఆరు శాతం ద్రావణం, దానికి నీళ్లు తొమ్మిది పాళ్లు కలపాలి. ఒకసారికి పరవాలేదు గాని మాటిమాటికీ పోస్తే వేర్లకు, మన్నులోని మేలు చేసే సూక్ష్మజీవులకు నష్టం. నేనైతే దీన్ని ఆఖరి మార్గంగానే ఉంచుతాను.

ఏ పద్ధతి పట్టినా నెల రోజులు విడవకుండా చేయండి. మొదటి వారంలో ఈగలు తగ్గలేదని నిరాశపడి ఆపేసేవారు ఎందరో ఉన్నారు. ఆ వారంలో కనిపించేవి మీరు పని మొదలుపెట్టక ముందే మన్నులో ఉన్న పురుగుల నుంచి వచ్చినవి.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. దసరా దగ్గర పడేసరికి ఇంట్లోకి సీతాఫలాలు వస్తాయి. మాగడానికి గంపలో పెట్టిన రెండు రోజులకే ఎర్రటి కళ్ల చిన్న ఈగలు గంప నిండా ముసురుతాయి. పండ్లు అయిపోయినా వంటింట్లో తిరుగుతూనే ఉంటాయి. అవి వాలిన పండు తినవచ్చా? (ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్)

జవాబు: బాలానగర్ పేరుతో దేశమంతా తెలిసిన సీతాఫలం పుట్టింది మీ జిల్లాలోనే కనుక ఈ ప్రశ్న మీ నుంచి రావడం సహజమే. మీరు చూసినది పండ్ల ఈగ, శాస్త్ర నామం డ్రోసోఫిలా మెలనోగాస్టర్. థామస్ హంట్ మోర్గాన్ అనే శాస్త్రవేత్త 1910లో ఈ ఈగల్లో తెల్ల కన్నులు గలదాన్ని గమనించి, దానితో చేసిన పరిశోధనల వల్ల వంశపారంపర్య లక్షణాలు క్రోమోజోముల ద్వారా వస్తాయని రుజువు చేశారు, 1933లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ప్రయోగశాలలో దాన్ని అంతగా ఎంచుకోవడానికి కారణమైన గుణమే మీ వంటింట్లో మీకు కష్టమవుతున్నది. 25 డిగ్రీల వేడిమిలో గుడ్డు నుంచి ఈగ కావడానికి దానికి పది రోజులు చాలు, ఒక ఆడ ఈగ జీవితకాలంలో వందల కొద్దీ గుడ్లు పెట్టగలదు. ఎండాకాలపు తీవ్రమైన వేడి దానికి సరిపడదు. వానలు పడి చల్లబడ్డాక, పండ్లు వచ్చే రోజుల్లో దానికి అన్నీ కలిసివస్తాయి.

ఈ ఈగను పిలిచేది పులిసే వాసన. గట్టి కాయ మీద దానికి ఆసక్తి ఉండదు, పగిలిన చోట, తొడిమ ఊడిన చోట, మెత్తబడి రసం కారిన చోట గుడ్లు పెడుతుంది. సీతాఫలం పండగానే కన్నులు విచ్చుకుని పగుళ్లు వస్తాయి కాబట్టి దానికి ఇంతకంటే అనువైన పండు లేదు. గంపలో పెట్టే ముందే పగిలిన కాయలను వేరు చేయండి. గంప మీద పలచని పాత ధోవతి గుడ్డను కప్పి అంచులు తాడుతో బిగించి కట్టండి. మూత పెట్టి ఊరుకుంటే ఆ సందులోంచి మూడు మిల్లీమీటర్ల ఈగ సులువుగా దూరుతుంది. ఉదయం, సాయంత్రం తడిమి చూసి, మెత్తబడిన పండును ఆ పూటే తినండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టుకుని ఒకటి రెండు రోజుల్లో ముగించండి. పచ్చి కాయలను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టవద్దు, చలికి తోలు నల్లబడుతుంది, కాయ సరిగా పండదు.

పండ్లు అయిపోయాక కూడా ఈగలు ఉన్నాయంటే అవి గుడ్లు పెట్టడానికి మరో చోటు దొరికిందన్నమాట. ఉల్లిగడ్డల బుట్ట అడుగున కుళ్లిన ఒక్క గడ్డ, చెత్త బుట్ట మూత అంచుకు అంటిన రసం, గింజలు ఊసిన పళ్లెం, ఆరని పొయ్యి గుడ్డ, గిన్నెలు తోమే పీచు, సింకు జాలీలో ఇరుక్కున్న మెతుకులు, ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే పళ్లెం, ఇవన్నీ ఒక్కొక్కటిగా చూడండి. బత్తాయి రసం తీసిన తరువాత పిప్పిని రాత్రంతా వంటింట్లో ఉంచే అలవాటు నల్లగొండ వైపు ఇళ్లలో ఉంటే అది కూడా మానాలి. తడి చెత్తను ఏ రోజుదారోజు బండికి ఇచ్చి, బుట్టను కడిగి బోర్లించి ఆరబెట్టడం తప్పనిసరి.

మిగిలిన ఈగలను పట్టడానికి గాజు గ్లాసులో రెండు వేళ్ల మందం వెనిగర్ పోసి, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేయండి. ఆ ద్రవం వల్ల నీటి పైపొర బిగువు తగ్గి, వాలిన ఈగ మునిగిపోతుంది. వెనిగర్ లేకపోతే పులిసిన కల్లు ఇంకా బాగా పనిచేస్తుంది. కల్లు లొట్టి దగ్గర ఈ ఈగలు ఎలా మూగుతాయో మన ఊళ్లలో అందరూ చూసినదే. గ్లాసు మీద కాగితాన్ని గరాటు లాగా చుట్టి, సన్న కంత లోపలికి ఉండేలా పెడితే లోపలికి పోయినవి తిరిగి రావు. పులిసే వస్తువులన్నీ తీసేసిన తరువాతే దీన్ని పెట్టాలి, లేకపోతే పండును వదిలి గ్లాసు దగ్గరికి అవి రావు.

ఈగ వాలిన పండును కడిగి, మెత్తబడి చెడిన భాగం కోసి తీసేసి తినవచ్చు. పొరపాటున గుడ్డు కడుపులోకి పోయినా సాధారణంగా హాని ఉండదు. చెత్త మీద, మోరీ మీద వాలిన కాళ్లతోనే అన్నం మీద వాలే అవకాశం ఉంది కనుక వండిన పదార్థాలకు మాత్రం మూతలు పెట్టుకోండి.

ప్రశ్న: మిర్యాలగూడలో మా స్నానాల గది గోడల మీద బూడిద రంగు చిన్న రెక్కల పురుగులు వాలి ఉంటున్నాయి. ముట్టుకుంటే పొడి రాలుతుంది. మోరీలో యాసిడ్, బ్లీచింగ్ పౌడరు రెండూ పోశాను, అయినా పోలేదు. (ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: అయ్యా, అన్నింటికంటే ముందు ఒక మాట. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఎన్నడూ కలిపి పోయకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికి కూడా తేవచ్చు.

మీరు చూసినవి మోరీ ఈగలు. రెక్కల మీద నూగు ఉండి, వాలినప్పుడు చిన్న రెక్కల పురుగు మాదిరిగా, హృదయాకారంలో కనిపిస్తాయి. గొట్టం లోపలి గోడకు పేరుకున్న జిగట పొరలో వీటి పురుగులు పెరుగుతాయి. మీరు పోసినది ఆ పొర మీది నుంచి జారి కిందికి పోయింది గాని, పొర అలాగే ఉంది. నిర్ధారణ కోసం రాత్రి పడుకునే ముందు జాలీ మీద జిగురు పక్క కిందికి ఉండేలా పారదర్శకమైన టేపును, గాలి ఆడటానికి కాస్త సందు వదిలి అంటించండి. తెల్లవారేసరికి ఈగలు అంటుకుని ఉంటే పుట్టిల్లు అదే. జాలీ తీసి, పొడుగు పిడి గల గట్టి బ్రష్షుతో, సబ్బు నీళ్లతో గొట్టం లోపలి గోడలను చేయి అందినంత దూరం బాగా రుద్ది, ఊడిన జిగటను వేడి నీళ్లతో కడిగేయండి. ప్లాస్టిక్ గొట్టాలైతే సలసల మరిగే నీళ్లు వద్దు. రెండు మూడు రోజులకు ఒకసారి చొప్పున మూడు వారాలు రుద్దితే పోతాయి. వాడని గది ఉంటే ఆ మోరీలో వారానికి ఒక చెంబు నీళ్లు పోయండి, వంపులో నీరు ఎండిపోతే అక్కడి నుంచి ఈగలు, వాసన పైకి వస్తాయి.

ప్రశ్న: కుండీలో ఈగలకు చేనుకు వేసే గుళికల మందు చిటికెడు వేయమని తెలిసినవారు చెప్పారు. వేయవచ్చా? (ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్)

జవాబు: వేయకూడదు. పొలానికి ఉద్దేశించిన విషం ఇంట్లో పిల్లలు, పిల్లులు తిరిగే చోట ఉండరాదు. ఫోరేట్ గుళికలను, ఇళ్లలో పురుగులకని చాలామంది వాడిన డైక్లోర్వాస్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. పాత డబ్బాలు ఇంట్లో మిగిలి ఉంటే వాడవద్దు, మోరీలో పోయవద్దు, పిల్లలకు అందని చోట వేరుగా ఉంచి, వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి ఆయన చెప్పినట్టు చేయండి. ఈగల ఇబ్బందికి ఇంత ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవలసిన పని లేదు.

ప్రశ్న: మా ఇంట్లో తులసి కుండీ బాల్కనీలో ఉంది. మా అత్తమ్మ రోజూ పొద్దున చెంబెడు నీళ్లు పోసి, అప్పుడప్పుడు పాలు పోస్తుంది, అరటిపండు ముక్క, అక్షింతలు మన్నులోనే వేస్తుంది. అక్కడ సన్న ఈగలు పడ్డాయి. మన్ను ఆరబెట్టమంటే నీళ్లు పోయకుండా ఉండలేనంటున్నది. (ఒక పాఠకురాలు, కల్వకుర్తి)

జవాబు: పెద్దామె నియమాన్ని మానిపించవలసిన అవసరం లేదమ్మా. చెంబెడుకు బదులు ఉద్ధరిణెతో నీళ్లు సమర్పించమని చెప్పండి, మొక్కకు కావలసిన నీళ్లు పైమన్ను ఆరాక విడిగా మీరు పోయండి. పాలు, పండు, అక్షింతలు కుండీ ముందు చిన్న ఇత్తడి పళ్లెంలో పెట్టి, పూజ అయ్యాక తీసేస్తే సరిపోతుంది. మన్నులో పాలు విరిగి, పండు కుళ్లితే మన్ను ఈగలు, పండ్ల ఈగలు రెండూ వస్తాయి, తులసి వేరు కూడా చెడుతుంది. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోయిందేమో చూసి, రోజుకు కనీసం నాలుగైదు గంటల ఎండ తగిలే వైపు జరపండి. ఇప్పటికే మన్ను పుల్లని వాసన వేస్తుంటే మంచి రోజు చూసుకుని కొత్త చెల్క మన్ను, బాగా మగ్గిన ఎరువు, మూడో వంతు ఇసుక కలిపి మొక్కను మార్చండి. వేపపిండి వేయదలిస్తే ఆ మిశ్రమంలో ఒక పిడికెడు కలపండి, తడి మన్ను పైన దట్టంగా చల్లితే దానికీ బూజు పడుతుంది.